పురుగు ముట్టిన వేళ

ఆ ప్రకటన నా ఫోనులోకి వచ్చేసరికి గడువు పదకొండు రోజులే మిగిలింది. మా డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటోకీ, ఇంకెవరో అమ్మకానికి పెట్టిన కారు ఫోటోకీ మధ్య ఇరుక్కుని ఉంది. పీజీ పూర్తిచేసి ఎక్కువ ఏళ్ళు కాని డాక్టర్లకు వైద్య పరిశోధన నేర్పే ఫెలోషిప్ అది. మూడేళ్ళ పాటు ఉంటుంది. పనిచేస్తున్న ఆసుపత్రిని వదలక్కర్లేదు. ఏడాదిలో కొన్ని వారాలు పెద్ద సంస్థలో శిక్షణ ఇస్తారు, దారి చూపడానికి ఒక గైడు ఉంటారు, అధ్యయనానికి అయ్యే ఖర్చు వాళ్ళే భరిస్తారు. అంతా చదివి, చివర్లో చిన్న అక్షరాల్లో ఉన్న షరతు దగ్గర ఆగాను. పీజీ అయ్యాక ఇన్నేళ్ళు దాటితే అర్హత లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నాకు అదే ఆఖరి ఏడాది.

ఇలాంటివి మనకు కావులే అనుకోవడం మా వైపు డాక్టర్లకు బాగా అలవాటు. అవి నగరంలో పెద్ద కాలేజీల్లో ఉన్నవాళ్ళవి, ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్ళవి, ఎవరో పెద్ద ప్రొఫెసరు వెనక బ్యాగు మోసినవాళ్ళవి అని నమ్మేస్తారు. మా డ్యూటీ గదిలో ఆ మాట రోజూ వినబడుతుంది. నాకు ముక్కు మీద కోపం. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అడగకుండానే లేదనిపించుకోవడం ఏం తెలివి? ఆ రోజు మధ్యాహ్నం వార్డు రౌండు అయిపోగానే దరఖాస్తు తెరిచి కూర్చున్నాను.

నేను పనిచేసేది భద్రాచలం వైపు, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రభుత్వ దవాఖానాలో. ఇప్పపువ్వు రాలే రోజుల నుంచి వానాకాలం నాట్లు అయ్యేదాకా మాకు ఒక రకం రోగులు ఎక్కువ. మా వైపు వాళ్ళు పాము కరిచిందని అనరు. పేరెత్తితే అది వింటుందని భయం. పురుగు ముట్టింది అంటారు. రోగిని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తెస్తారు, ఆటోలో పడుకోబెట్టి తెస్తారు. దమ్మపేట వైపు తోటల పనికి పోయిన ఒకాయనను పామాయిల్ గెలలు దించి వస్తున్న బండిలో ఎక్కించి తెచ్చారు. కొందరు నాలుగు రోజుల్లో నడిచి ఇంటికి పోతారు. కొందరు మా చేతుల్లోనే పోతారు. చాలాసార్లు ఆ తేడా అంతా కాటుకూ, మేం వేసే మొదటి విరుగుడు సూదికీ మధ్య ఎంత సమయం పోయిందన్న దాని మీదే ఉంటుంది.

మరి ఆ సమయం ఎక్కడ పోతోంది? అందరి దగ్గరా ఒకటే జవాబు తయారుగా ఉంటుంది: మంత్రగాడి దగ్గర. నాకు ఆ జవాబు మీద అనుమానం. వాగు దాటడానికి పట్టే సమయం, ఆటో దొరకడానికి పట్టే సమయం, మిరప కోతకు పోయిన మొగుడికి కబురు చేరడానికి పట్టే సమయం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. రోగి మీదికి తప్పు తోసేసి మనం చేతులు కడుక్కోవడం నాకు నచ్చదు. అందుకే ఈ ప్రకటన రావడానికి ఏడాది ముందే, నేను చదివిన కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, నా ఓపిక కొద్దీ ఒక చిన్న అధ్యయనం మొదలుపెట్టాను. కోలుకుని ఇంటికి పోయినవాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే కలిసి, ఒప్పుకుంటేనే, ఏం జరిగిందో ఎప్పుడు జరిగిందో అడిగి రాసుకోవడం. అంతే.

ఫారం నేనే తయారుచేశాను. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి గడి. ముట్టిన సమయం, ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు. ఆ గడి గీస్తున్నప్పుడు నాకు రెండో ఆలోచన రాలేదు. వచ్చే అవకాశమూ లేదు. నేను గడియారాలు బాగుచేసే మనిషి కూతుర్ని.

ఖమ్మంలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో మా అబ్బాకు చిన్న దుకాణం ఉంది. మా దాదా కాలం నుంచీ మా ఇంట్లో అదే పని. యార్డులోకి మిర్చి వచ్చే రోజుల్లో ఆ దారిలో నడిచేవాళ్ళంతా తుమ్ముతూ పోతారు. అబ్బా కూడా తుమ్ముతారు కానీ, పట్టకారులో ఉన్న చక్రం కిందపడగా నేను చూడలేదు. కోచింగ్ కాలేజీల పిల్లలు పరీక్షలకు ముందు బారులు తీరి వాచీల్లో సెల్లు మార్పించుకునేవాళ్ళు. ఇప్పుడు పరీక్ష హాల్లోకి వాచీలు రానివ్వడం లేదని ఆయనకు ప్రభుత్వం మీద తగని కోపం. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన్ని చూస్తే తెలిసిపోతుంది. మా ఇంట్లో తిండికీ చదువుకీ నిద్రకీ నిమిషం లెక్క ఉండేది. ఐదు నిమిషాల్లో వస్తానని పక్కింటికి పోతే ఐదో నిమిషానికి గుమ్మంలో ఉండాలి. అలా పెరిగినదానికి సమయమంటే ముల్లు చూపించే అంకె అనే తెలుసు.

ఇళ్ళకు పోయి అడిగే పనికి ఒక ఆశా కార్యకర్త ఒప్పుకుంది. దవాఖానాకు లోపలి వైపు ఉన్న కోయగూడెం ఆమెది. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అక్క అంటాను, ఆమె మేడం అంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి ఇంట్లో ఎవరికి నెలలు నిండుతున్నాయో, ఎవరి బిడ్డకు టీకా బాకీ ఉందో ఆమెకు నోటికి వచ్చు. కోయభాషలో మాట్లాడి తెలుగులో రాస్తుంది. ఆమెకు నేను ఒక్క పూట శిక్షణ ఇచ్చాను. మొదటి వారం ఆమె తెచ్చిన ఫారాల్లో సమయం గడి ఖాళీగా ఉంది. వార్డులో నర్సుల ముందే తిట్టాను. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం చిత్తుకాగితంతో సమానం అన్నాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒక్క గడి కూడా ఖాళీగా రాలేదు. నేను ఎంత బాగా నేర్పించానో అని తెగ మురిసిపోయాను.

దరఖాస్తుకు గైడు కావాలి. నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరు రిటైరయి మధిరలో ఉంటున్నారు. అడగగానే ఒప్పుకున్నారు. నేను పంపిన కాగితాలు ఎర్ర గీతలతో నిండి తిరిగి వచ్చేవి. దవాఖానాలో నెట్ సరిగా రాదు కాబట్టి, ఓపీ అయ్యాక మెట్ల మీద ఒక మూల నిలబడి ఆయనకు పంపేదాన్ని. ఆ మూల సిగ్నల్ వస్తుందని నాకూ ఊడ్చే ఆమెకూ మాత్రమే తెలుసు. మా అధికారి అనుమతి పత్రం మీద సంతకం పెడుతూ, ఇవన్నీ అయ్యే పనులేనా అన్నారు. అయితే స్వీట్లు తెస్తాను, కాకపోతే మీరు తెప్పించండి అన్నాను. గడువు రోజు మధ్యాహ్నం, ఆ మెట్ల మీదే నిలబడి పంపేశాను. దరఖాస్తులో అన్నిటికన్నా అందంగా వచ్చింది, అక్క తెచ్చిన ఫారాలతో నేను గీసిన పటం. ఒకవైపు కాటు, ఒకవైపు సూది, మధ్యలో నిమిషాలతో సహా లెక్క.

రెండు నెలలకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మా దవాఖానా నుంచి అలాంటి పిలుపు అందుకున్న మొదటి డాక్టర్ని నేనేనట. కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆదివారం ఖమ్మం బస్సెక్కి నేరుగా అబ్బా దుకాణానికి పోయాను. మనుషుల పేర్లు లేని, సమయాలు మాత్రమే ఉన్న పట్టిక ఒకటి బల్ల మీద పరిచి, నేనేం చేస్తున్నానో ఆయనకు చెప్పాను. నేను ఎండీ పాసైనప్పుడు కూడా ఆయన బాగుంది అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఈసారైనా ఇంకో మాట అంటారేమోనని ఆశ.

ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టిక మొత్తం వాచీని చూసినంత శ్రద్ధగా చూశారు. మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఆయన అన్నది తెలుగులో రాస్తున్నాను.

"ఇంతమందికి సరిగ్గా తొమ్మిదికే ముట్టిందా బేటా? పురుగు వాచీ చూసుకొని వచ్చిందా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వేలు పెట్టి చూపించారు. తొమ్మిది, పన్నెండు, ఆరు. మళ్ళీ తొమ్మిది. మళ్ళీ ఆరు. నిమిషాల గడిలో అన్నీ సున్నాలు. ఏడాది పొడుగునా నేను చూసిన కాగితాలే అవి. ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు.

"గడియారం చూసినోడు తొమ్మిదీ ఏడు అంటడు," అన్నారు అబ్బా. "తొమ్మిది అన్నోడు చూడలేదన్నట్టు."

ఆయన మీద కోపం వచ్చింది. పల్లెల్లో మనుషులు అంతే చెబుతారు అబ్బా, ఉజ్జాయింపుగా తీసుకోవాలి అని వాదించాను. ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టి, వేరే వాచీ అందుకున్నారు. తిరుగు బస్సులో కొత్తగూడెం దాటకముందే నా వాదన నాకే నిలవలేదు. కాటు ఎప్పుడో తెలియకపోతే కాటుకూ సూదికీ మధ్య ఎంత సమయమో తెలియదు. అది తెలియకపోతే నా పటం బొమ్మ కిందే లెక్క. ఆ బొమ్మ చూసే వాళ్ళు నన్ను పిలిచారు.

మర్నాడు మధిరలో సారుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనక రైలు పోతున్న చప్పుడు వినబడింది. తర్వాత తన మధిర మాటతీరులో మెల్లగా అన్నారు.

"చెప్తే ఇది పోవచ్చమ్మా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ మూడేళ్ళు నువ్వు దాని మీదే కట్టుకుంటూ పోవాలి. ఏంటో నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? చెప్పాలని నాకు తెలుసు. చెప్తే పోతుందని కూడా తెలుసు. వచ్చే ఏడాదికి నాకు అర్హత ఉండదు. అడవిలో కూర్చుని పరిశోధన చేస్తానన్నదానికి డ్యూటీ గదిలో దొరికే సానుభూతి తలుచుకుంటేనే దుఃఖం ముంచుకొచ్చింది. ఆ దుఃఖం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక అక్క మీదికి మళ్ళింది. ఏడాది పాటు దొంగ లెక్కలు రాసిందని మనసులో తిట్టుకుంటూ స్కూటీ మీద ఆమె ఊరికి పోయాను.

పొద్దు బాగా ఎక్కింది. అక్క వాకిట్లో చాపల మీద ఇప్పపువ్వు ఎండబెడుతోంది. నా ముఖం చూసి చెయ్యి ఆపేసింది. ఫారాల కట్ట ఆమె ముందు పెట్టి, ఈ తొమ్మిదులు ఎక్కడివి అని అడిగాను. నా గొంతు పెద్దదే అయి ఉంటుంది, పక్క ఇంటి వాళ్ళు బయటికి వచ్చారు. ఆమె మాత్రం నెమ్మదిగానే చెప్పింది.

"ఖాళీ పెట్టొద్దని మీరే అన్నరు మేడం. మా వోళ్ళు చెప్పే యాళకు మీ కాయితంల గడి లేదు. ఏదో ఒకటి రాయాలె గదా."

ఆమె ఇంట్లోకి పోయి, కూతురి పాత స్కూలు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. ప్రతి ఫారానికీ ఒక వరుస. వాళ్ళు అన్న మాట అన్నట్టే, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఇప్పపువ్వు ఏరబోయే యాళ. ఆవులు బయలుదేరే యాళ. పొద్దు నెత్తి మీదికి వచ్చిన యాళ. మందలు మర్లిన యాళ. రేపు ఎవరైనా నేనట్లా చెప్పలేదంటే చూపించడానికి రాసి పెట్టుకున్నానంది. నాకు ఇచ్చే కాగితంలో మాత్రం ఇప్పపువ్వు ఏరబోతే పొద్దున ఆరు, ఆవులు బయలుదేరితే తొమ్మిది, పొద్దు నెత్తికి వస్తే పన్నెండు, మందలు ఇంటికి మర్లితే సాయంత్రం ఆరు. నేను తిట్టిన రోజున ఆమె తన కోసం పెట్టుకున్న పద్ధతి అది. ఏడాది పాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ఆవులు రోజూ తొమ్మిదికే పోతాయా అక్కా అని అడిగితే, ఆమె నన్ను చంటిపిల్లను చూసినట్టు చూసింది. ఎండాకాలం ఎండ ముదరకముందే తోలుతారట, తెల్లారీ తెల్లారకముందే. వానాకాలం గొడ్ల కొట్టం శుభ్రం చేసి, గడ్డి మీద తడి ఆరాక తోలుతారట. వాగు అవతలి ఊళ్ళో ఇంకోలా ఉంటుందట. అంటే, ఎండాకాలంలో తెల్లవారుజామున ముట్టినవాడిని మేం తొమ్మిదికి ముట్టినట్టు రాశాం. దారిలో బోలెడు సమయం పోగొట్టుకుని వచ్చినవాడు మా కాగితంలో వెంటనే వచ్చినవాడు అయ్యాడు. ఆ మనిషి నాకు గుర్తున్నాడు. వెంటనే వచ్చి కూడా కాలు ఎందుకంత చెడిందా అని నేను ఆశ్చర్యపోయాను.

తల తీసేసినట్టయింది. నర్సుల ముందు తిట్టినదాన్ని ఆ పక్కింటి వాళ్ళ ముందే తప్పు నాదేనని అక్కతో చెప్పాను. ఆమె ఇబ్బందిగా నవ్వి, అంబలి తాగుతారా అని అడిగింది. తాగాను.

ఇంటర్వ్యూకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఆ మూడు వారాలు నా ఉద్యోగ జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే రోజులు. దారి చూపింది అక్కే. ఊళ్ళో గడియారం చూసి జరిగే పనులు కొన్ని ఉన్నాయి కదా మేడం అంది. పొద్దున మొదటి బస్సు, బడి గంట, అంగన్వాడీ తలుపు తీయడం. ఆవులు బస్సు కన్నా ముందు పోతాయా, తర్వాత పోతాయా? వానాకాలం ఏంది, ఎండాకాలం ఏంది? ఊరూరా అదే అడుగుతూ తిరిగింది. పోగలిగిన ఊళ్ళకు తానే పొద్దున్నే పోయి, మంద కదలగానే ఫోనులో టైము చూసి రాసుకుంది. డ్యూటీ లేని రోజుల్లో నేనూ వెంట పోయాను. నేను ప్రశ్న అడిగితే ఒక్క మాట వచ్చేది. ఆమె అడిగితే కథంతా వచ్చేది.

ఒక ఆదివారం ఆమెను ఖమ్మం తీసుకుపోయాను. నోటుబుక్కులో మాటలన్నీ ఒక పట్టికలోకి ఎక్కించాలి. మా ఇంట్లో కరెంటు పోతే అబ్బా దుకాణంలోనే కూర్చున్నాం. యార్డు ఘాటుకు అక్క తుమ్ముతూనే చదువుతుంటే నేను రాసుకున్నాను. ప్రతి యాళకూ ఒక అంకె కాకుండా, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని రెండు హద్దులు పెట్టాం. అబ్బా పని ఆపి మా వైపే చూస్తున్నారు. మందలు కదిలే సమయం ఏ నెలలో ఎంత జరుగుతుందో అక్కను అడిగి అడిగి చెప్పించుకున్నారు. అది ఆయనకు కొత్త రకం గడియారంలా తోచి ఉంటుంది. తర్వాత, గడియారం చూసినవాడు తొమ్మిదీ ఏడంటాడని ఆమెకూ చెప్పారు. అక్క ఎంత నవ్విందంటే, పక్క దుకాణం వాళ్ళు తొంగి చూశారు. పోయేటప్పుడు ఆమెకు టీ తాగించి, బస్టాండు దాకా వచ్చి దిగబెట్టారు. ఆయన దుకాణం వదిలి అంత దూరం రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

కొత్త పట్టికతో పటం మళ్ళీ గీస్తే, నా అందమైన గీత పోయింది. దాని బదులు పొట్టివీ పొడుగువీ పట్టీలు వచ్చాయి. దరఖాస్తులో నేను గట్టిగా చెప్పిన మాటల్లో సగం ఇప్పుడు చెప్పలేను.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. బల్లకు అవతల ఐదుగురు. నడుమ కూర్చున్నామె జుట్టంతా తెల్లబడిన పెద్ద డాక్టరు. నా గురించి చెప్పమన్నారు. నా గురించి తర్వాత చెబుతాను, ముందు మీ చేతిలో ఉన్న దరఖాస్తులో నాలుగో పేజీ తప్పు అన్నాను. తొమ్మిదుల సంగతీ, ఆవుల సంగతీ, నోటుబుక్కు సంగతీ మొత్తం చెప్పాను. పాత పటం పక్కన కొత్త పటం పెట్టాను. ఒకాయన రెండిటినీ మార్చి మార్చి చూసి, అయితే మీ ప్రాథమిక ఫలితాలు నిలవవు కదా అన్నారు. నిలవవు సార్ అన్నాను.

తప్పు ఎవరు పట్టుకున్నారని పెద్దామె అడిగారు. మా అబ్బా, గడియారాలు బాగుచేస్తారు అన్నాను. దిద్దింది ఎవరు అని అడిగారు. ఒక ఆశా కార్యకర్త అన్నాను. ఆమె నా దరఖాస్తు పేజీలు తిప్పి, శిక్షణ ఖర్చులు రాసిన చోట ఆగారు.

"ప్రశ్న అడిగేది ఆమె. నేర్చుకునేది మీరొక్కరేనా?"

చూశాను. నాకు శిక్షణ, నాకు ప్రయాణాలు, నాకు పుస్తకాలు. అక్క కోసం ఒక్క వరుస లేదు. పదకొండు రోజులు రాత్రీపగలూ రాసిన దరఖాస్తులో ఆమెకు నేను పెట్టిన చోటు అంతే. నాకు తట్టలేదు మేడం అన్నాను. బయటికి వచ్చి సారుకు ఫోన్ చేసి, పోయింది సార్ అని చెప్పాను. నాకు ఏడుపు వచ్చింది కానీ సిగ్గు మాత్రం అనిపించలేదు.

నెల తిరిగాక, ఓపీలో ఒక ముసలామె బీపీ చూస్తుండగా ఫోను మోగినట్టయి తీశాను. మెయిలు మెట్ల మూలకు పోకుండానే ఆ రోజు దానంతట అదే వచ్చింది. ఫెలోషిప్ ఇస్తున్నాం అని ఉంది. కింద రెండు షరతులు. మొదటి ఏడాది కొత్త ఫలితాలేవీ వద్దు, సమయం అడిగే పద్ధతిని ఇంకొన్ని ఊళ్ళలో సరిచూసి ఫారం మార్చాలి. ఆ పని చేసే ఆశా కార్యకర్తకు శిక్షణ, భృతి నిధుల్లోనే చేర్చి మళ్ళీ పంపాలి. ముసలామె నా చెయ్యి పట్టుకుని, ఎక్కువ ఉందా బిడ్డా అని భయంగా అడిగింది. ఆమె బీపీ బాగానే ఉంది. నాదే పెరిగి ఉంటుంది.

అక్కకు చెప్పడానికి అదే రోజు పోయాను. ఆమె అంతా విని, అయితే కాయితం మారుస్తరా అని మాత్రం అడిగింది. అవ్, ఇద్దరం కూర్చుని మారుద్దాం అన్నాను. ఆమె పేరు కూడా కాగితం మీద ఉంటుందని చెబితే, స్పెల్లింగు సరిగ్గా రాయించమంది, రేషన్ కార్డులో తప్పు పడిందట.

ఇప్పుడు ఫెలోషిప్‌లో రెండో ఏడాది నడుస్తోంది. అక్క శిక్షణకు హైదరాబాదు రెండుసార్లు పోయి వచ్చింది. ఈ ఎండాకాలం ముందు, కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లకూ నర్సులకూ ఫారం ఎలా నింపాలో నేర్పించాలి. మా దవాఖానా మీటింగు హాల్లో ఏర్పాటు చేశాం. నేర్పేది అక్కే. అబ్బా ఆ రోజు దుకాణం మూసి, ఖమ్మం నుంచి పొద్దున బస్సులో వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. హాల్లో గోడ గడియారం ఆగిపోయి ఉంది. ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి.

కొత్త ఫారంలో మొదటి గడి, ఏ యాళ అని. గంటల గడి రెండోది. ఒక కుర్ర డాక్టరు చెయ్యెత్తి, వీళ్ళకు టైము తెలియదు కదా, అలాంటప్పుడు వాళ్ళ మాటను ఎంతవరకు నమ్మాలి అని అడిగాడు. నాకు ముక్కు మీదికి కోపం వచ్చేసింది. లేవబోయాను. అక్క నా వైపు చూడనైనా చూడలేదు. పొద్దున మీరంతా ఇంటి దగ్గర ఎప్పుడు బయలుదేరారు అని అందరినీ అడిగింది. ఆరింటికి, ఆరున్నరకు, ఏడింటికి, మళ్ళీ ఆరింటికి. ఒక్కొక్కటీ బోర్డు మీద రాసింది. రాసి, చేతులు దులుపుకుని ఇటు తిరిగింది.

"ఒక్కరు గూడ గడియారం చూడలే."

వెనక నుంచి అబ్బా పెద్దగా నవ్వారు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. అడిగిన కుర్రాడు చేతికున్న వాచీ చూసుకుని, ముఖం ఎర్రగా చేసుకుని అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు. పాపం మంచివాడే. కాసేపటికి మళ్ళీ చెయ్యెత్తి, మరి యాళ తెలిసి, గంట ఎంతో ఏమాత్రం తెలియకపోతే ఆ రెండో గడిలో ఏం రాయాలి అని ఈసారి మర్యాదగా అడిగాడు.

"ఖాళీ పెట్టు బిడ్డా," అంది అక్క. "ఖాళీ పెడితే మా మేడం ఇప్పుడు తిట్టదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ రోజు తిట్టినప్పుడు వార్డులో ఉన్న నర్సుల్లో ఇద్దరు ముందు వరుసలోనే ఉన్నారు. అవునని అందరికీ కనబడేలా తల ఊపాను. నాకు వచ్చిన ఫెలోషిప్ చూసి కూడా నేను ఇంత గర్వపడలేదు. అక్క బోర్డు తుడిచి, తర్వాతి గడి ఏందో చదవమని ఆ కుర్ర డాక్టరుకే చెప్పింది.